వెల యిచ్చి చేయించు చిత్రకథాపరీక్ష



గ్రామపెద్దలకు సినిమాకథలతో పనియేమి యని కొందఱనుకొనవచ్చును. పని కలదు. చదువుకొన్న మన పల్లెపడుచువాండ్రలో చలనచిత్రమునకు కథ వ్రాయగోరువారు నేడు పెక్కురు. అట్టివాడు మన యింటనే యుండవచ్చును. వాడొకనాడు వచ్చి, “తాతా, నా కథ పూర్తియైనది. పట్నములో నొక నిపుణుడు దీనిని చదివి గుణదోషములు వ్రాసి యిచ్చునట. అందులకు రుసుము కావలెను” అని యడిగినచో ఇయ్యవలెనా, మానవలెనా? ఇచ్చినచో మనము కొనుచున్న వస్తువేమి? సొమ్ము ఇంటిపెద్ద చేతినుండి పోవలసినదే కావున ఈ ప్రశ్నయు ఆయనదే.

ముందుగా పరీక్షింపబడు వస్తువుయొక్క స్వరూపము తెలియవలెను. సినిమావారు స్క్రీన్‌ప్లే యనునది కావ్యము కాదు, నవల కాదు. ఇల్లు కట్టుటకు ముందు మేస్త్రిచేతి కిచ్చు నక్షావంటిది. దానిని చదివి యానందించువారికంటె దానినిబట్టి పనిచేయువారే యెక్కువ. ఛాయాగ్రాహకుడు, నటుడు, ధనము పెట్టు నిర్మాత, అందఱును ఆ కాగితములు చూచియే తమతమ లెక్కలు వేసికొందురు. ఏ స్థలము, ఇంటిలోపలనా వెలుపలనా, పగలా రాత్రియా యని ప్రతిదృశ్యమునకును పైన వ్రాయుదురు. క్రింద కన్నులకు కనబడునదియు చెవులకు వినబడునదియు మాత్రమే వ్రాయుదురు. అమెరికాదేశపు పద్ధతిలో కూర్చిన పుట యొకటి తెరమీద సుమారొక నిమిషము నడచునని వాడుక లెక్క. అందుచేత అక్కడి రచనలు తఱచుగా 90 మొదలు 120 పుటలలో ముగియును.

కన్నులకు కనబడునది మాత్రమే వ్రాయవలెనను నియమము వినుటకు సులభము, పాటించుటకు కష్టము. నవలలు చదివి పెరిగిన పడుచువాడు ఇట్లు వ్రాయును: సీతమ్మ చనిపోయిన భర్తను తలచుకొని, తన జీవితము వ్యర్థమైనదని లోలోపల కుమిలిపోయెను. నవలలో ఇది చెల్లును. యంత్రమునకు లోలోపల యనునది కనబడదు. పని తెలిసినవాడు అదే సంగతిని వేఱుగా వ్రాయును: సీతమ్మ దీపము తెచ్చి ట్రంకుపెట్టె తెఱచును. అడుగున మడతపెట్టియున్న పంచెను తీయును. అంచున చినిగిన చోటు చూచి, సూదియు దారమును తెచ్చి కుట్టును. మరల మడతపెట్టి పెట్టెలో నుంచి తాళము వేయును. ఆమె యొక్క మాటయు పలుకలేదు. కట్టువాడు లేని పంచెకు కుట్టు వేసినదని మాత్రము చూచువారందఱికిని తెలిసినది. రచయిత ఈ ఇరువురిలో ఎట్టివాడో మంచి పరీక్షకుడు మొదటి పది పుటలలోనే కనిపెట్టును. బడిలో పిల్లవాని వ్యాసము రెండు పంక్తులు చూచి వాని యభ్యాసము చెప్పు ఉపాధ్యాయుని నేర్పువంటిదే ఇది. మాయ యేమియు లేదు.

ఈ పరీక్ష వృత్తిగా పెరిగినది అమెరికాలో. 1920, 1930 దశకములనాటికే హాలీవుడ్డులోని పెద్ద చిత్రసంస్థలు తమకు వచ్చు నవలలను, నాటకములను, కథలను చదువుటకు జీతగాండ్రను పెట్టుకొన్నవి. చదువరి కథాసారమును కొద్ది పుటలలోనికి దించి, తన యభిప్రాయమును జోడించును. తుదను మూడు మాటలలో నొకటి వ్రాయుట తరువాత వాడుకయైనది: వలదు; ఆలోచింపవచ్చును; తీసికొనదగును. ఆ పత్రము యజమానికొఱకు వ్రాసినది. కథ వ్రాసినవాని మనసు నొచ్చునా నొవ్వదా యను చింత చదువరికి లేదు. వాని జీతమిచ్చువాడు కొనువాడు గదా.

తరువాతి కాలమున ఇదే విద్య తెలిసినవారు రచయితలకే దానిని అమ్మసాగిరి. ఫ్రాంక్లిన్ లెనర్డ్ అను నతడు 2005లో చిత్రసంస్థలందు పనిచేయువారిని విచారించి, వారికి మిక్కిలి నచ్చియు ఇంకను చిత్రములుగా రాని రచనల పట్టికనొకదానిని కూర్చెను. దానికి బ్లాక్ లిస్ట్ అని పేరు. 2012లో ఆ సంస్థయే, రచయిత రుసుము చెల్లించినచో వాని రచనను చదివించి, అంకెలతోను అభిప్రాయముతోను తీర్పునిచ్చు నేర్పాటు చేసెను. ఒంటరిగా ఈ వృత్తి నడుపువారును పెక్కురు కలరు. ఇచ్చట తిరుగబడిన సంగతిని గమనింపుడు. వెనుక పరీక్షకునకు కొనువాడు కూలియిచ్చెను. ఇప్పుడు పరీక్షింపబడువాడే ఇచ్చుచున్నాడు. కాటా వేయువానికి కూలి ధాన్యము కొనువాడిచ్చుటకును అమ్మువాడిచ్చుటకును గల భేదము రైతులైన మీకు నేను చెప్పనేల?

మన తెలుగుచిత్రములలో వాడుక మఱియొక విధమైనది. ఇచ్చట కథను చదివించుటకంటె వినిపించుట యెక్కువ. రచయితయో దర్శకుడో నిర్మాతయెదుటను, నాయకపాత్ర ధరింపబోవు నటునియెదుటను కూర్చుండి గంటసేపు, రెండుగంటలసేపు కథ చెప్పును. హరికథలును పురాణశ్రవణములును గల దేశమునకు ఇది సహజమే. కాని నోటి మాధుర్యము కథలోని గోతులను కప్పివేయును. చెప్పువాడు స్వరము హెచ్చించినచోట, వినువాడు వెనుక చెప్పినదానికిని ఇప్పుడు చెప్పుచున్నదానికిని గల విరోధమును మఱచిపోవును. కాగితము స్వరము హెచ్చింపజాలదు. 1951లో పాతాళభైరవిని, 1957లో మాయాబజారును తీసిన కె.వి. రెడ్డిగారు, వ్రాత సంపూర్ణముగా సిద్ధము కానిదే చిత్రీకరణకు పూనుకొనువారు కారనియు, ఏ దృశ్యము ఎంతసేపు నడచునో గడియారము పట్టి ముందే కొలిపించువారనియు ఆయనతో పనిచేసినవారు చెప్పియున్నారు. కాబట్టి వ్రాతను వ్రాతగా పరీక్షించుట మనకు కొత్త కాదు. పాటించువారు తక్కువ.

ఇక పరీక్షకుల జాతులు. ఈ విషయమున మన పూర్వులు చెప్పినదానికి మించి నేటివారు చెప్పినదేమియు నాకు కనబడలేదు. తొమ్మిది పది శతాబ్దుల సంధికాలమున కనోజు ఆస్థానమందుండిన రాజశేఖరుడు కావ్యమీమాంస యను గ్రంథమున ప్రతిభను రెండు విధములుగా చెప్పెను. రచించువానికి తోడ్పడునది కారయిత్రి. రచించినదానిని గ్రహించువానికి తోడ్పడునది భావయిత్రి. ఈ రెండవది గలవాడు భావకుడు. భావకులు నాలుగు తెగలవారని అతని మతము. అరోచకి యనువానికి ఏదియు రుచింపదు, జ్వరపడినవానికి పాయసమువలె. సతృణాభ్యవహారి యనగా గడ్డితో కూడ మింగువాడు. మంచిచెడ్డల వివేకము లేక అన్నియు బాగున్నవనును. మత్సరి గుణమును కనుగొనియు ఈర్ష్యచేత చెప్పడు. నాలుగవవాడు తత్త్వాభినివేశి, రచనయొక్క సారమునందే దృష్టి నిలుపువాడు. ఇట్టివాడు వేలలో ఒకడున్న నుండునని రాజశేఖరుడే సందేహించెను.

రుసుము పుచ్చుకొను పరీక్షకులలో ఈ నాలుగు తెగలవారును కలరు. వీరిలో మత్సరిని గుర్తించుట కష్టము కాదు. తన కథ తెరకెక్కలేదను బాధ వాని ప్రతివాక్యమునందును వాసన కొట్టును. అరోచకివలన ఒకప్పుడు మేలుకూడ కలుగును, ఏలయన వాడు కాగితమునైన శ్రద్ధగా చదువును. మిక్కిలి అపాయకారి గడ్డితో మింగువాడు. వెల యిచ్చువాడు లోలోపల కోరుకొనునది మెప్పే. మెప్పు దొరకినచో సంతోషించి మరల వచ్చును, మఱినలుగురిని పంపును. కాబట్టి మెచ్చుటయే వానికి వ్యాపారము.

నా పూర్వశిష్యుడొకడు చెఱువుతగవును గుఱించి చిత్రకథ వ్రాసెను. ఎగువవారు రాత్రివేళ తూము మూయుదురు, దిగువ పొలములెండును, దిగువవారి పడుచువాడు నాయకుడు. మొదట వాడు వెల యిచ్చి చూపించుకొన్న పరీక్షకుడు రెండు పుటల యభిప్రాయము పంపెను. పాత్రలు సజీవములట, సంభాషణలు సహజములట, రెండవభాగమును కొంచెము బిగింపవలెనట. వాడు మురిసిపోయి నాకు తెచ్చి చూపెను. నేనొక పని చెప్పితిని: ఆ పత్రములో నాయకుని పేరున్న చోట నీవు చూచిన మఱియే చిత్రములోని నాయకుని పేరైనను పెట్టి చదువుము. వాడు చదివెను. ఎక్కడను ఒక్క మాటయైన తప్పు కాలేదు. ఏ కథకైనను అతుకు నభిప్రాయము ఏ కథను గుఱించియు చెప్పినది కాదు. వాని డబ్బు అంతటితో పోయినది.

మఱుసటి సంవత్సరము వాడు వేఱొకనికి పంపెను. ఆయన పదునొకండు పుటలు వ్రాసెను. మెప్పు నాలుగు పంక్తులు. తక్కినదంతయు ప్రశ్నలు. నాయకుని మేనమామ 12వ పుటలో చదువురానివాడు; 71వ పుటలో దస్తావేజు చదువుచున్నాడు, ఎట్లు? ఎగువవారు దుష్టులు గనుక నీరాపిరనుట చాలునా, వారి పొలములెట్లున్నవి? నాయకుడు 38వ పుటవఱకు ఇతరులు చేయునది చూచుచున్నాడే కాని తాను దేనిని కోరుచున్నాడు? అన్నిటికంటె పెద్ద ప్రశ్న: తూము మూసిన రాత్రి నాయకుడు ఇంట నిద్రించి, తెల్లవాఱిన పిమ్మట ఊరివారు చెప్పగా వినెను. ఆ రాత్రి అతడు గట్టుమీద ఏల లేడు?

శిష్యునికి కోపము వచ్చినది. మేనమామ సంగతి తప్ప తక్కినదంతయు ద్వేషముచేత వ్రాసినదనెను. ఆ పరీక్షకునకు పల్లె తెలియదనెను. పది దినములు గడచినపిమ్మట, గట్టుమీది ప్రశ్న తనను నిద్రపోనిచ్చుట లేదని వాడే వచ్చి చెప్పెను. మూడునెలలకు కథ మాఱినది. నాయకుని తండ్రిని వాడు నీరుగంటిగా చేసెను. తూము ఎత్తుటయు దించుటయు ఆ తండ్రి చేతిపని. ఎగువ కామందుకు బాకీపడిన తండ్రి తానే తూము దించుచుండగా కొడుకు గట్టుమీద నిలిచి చూచును. ఊరిలో నెవరికిని చెప్పలేడు, చెప్పక యుండలేడు. ఆ దృశ్యమును వాడు చదివి వినిపించినపుడు నేనును నా వెనుక కూర్చున్న ముసలి రైతొకడును కొంతసేపు మాటలాడలేదు.

ఈ తండ్రి మార్పును పరీక్షకుడు చెప్పలేదు. ఆయన నాయకుడు గట్టుమీద ఏల లేడని మాత్రమే యడిగెను. రోగమున్న చోట వ్రేలు పెట్టెను. మందు రచయితచేతనే దొరకినది. మంచి పరీక్ష యొక్క ఫలమిది, దానికే వెల ఇయ్యదగును. ఆ కథ ఇంతవఱకు చిత్రముగా రాలేదు. రావచ్చును, రాకపోవచ్చును. పరీక్షకుని రుసుము నిర్మాత ద్వారమును తెఱచునని ఎవడైన చెప్పినచో వాడు పరీక్షకుడు కాడు, దళారి. “కథ చూచెదను, నచ్చినచో ఫలానా నటునికి వినిపించెదను, దానికి వేఱుగా ఇంత” యను మాట వినబడినప్పుడు లేచి రావలెను. ఈ బేరములో నష్టపోయినవారు మన జిల్లాలలో తక్కువగా లేరు, సిగ్గుచేత చెప్పుకొనరు.

పరీక్షించుట వేఱు, బాగుచేయుట వేఱు. బాగుచేయువానికి హాలీవుడ్డులో స్క్రిప్టు డాక్టరని పేరు. 1972లో వచ్చిన గాడ్‌ఫాదర్ అను ప్రసిద్ధచిత్రమున ముసలితండ్రియు కొడుకును తోటలో కూర్చుండి మాటలాడు ఘట్టము కలదు. దానిని వ్రాసి యిచ్చినవాడు రాబర్ట్ టౌన్. తెరమీద అతని పేరు రచయితలలో లేదు. 1973లో ఆ రచనకు ఆస్కారు బహుమానము నందుకొన్నపుడు దర్శకుడు కొప్పోలా ఆ ఘట్టము టౌన్‌దని సభలో చెప్పెను. అంతటి యౌదార్యము అందఱికడ నుండదు. కావున మనవాడు పరీక్షకునితో మొదటనే కాగితముమీద వ్రాసికొనవలెను: ఆయన పని చదివి అభిప్రాయము వ్రాయుట మాత్రమే; కథలో భాగము గాని తెరపై పేరు గాని అడుగరాదు; ఎన్ని దినములలో ఇచ్చునో, ఎన్ని పుటలు వ్రాయునో, తరువాత ప్రశ్నలడిగిన జవాబు చెప్పునో చెప్పడో తేలవలెను.

కథను దొంగిలించునేమో యను భయము అందఱికిని ఉండును. రాజశేఖరుడే కొత్తగా రచించినదానిని ఒంటరివానియెదుట చదువరాదనెను. అది తనదని వాడు చెప్పుకొన్నచో కాదనుటకు సాక్షి ఎవడని ఆతని హేతువు. నేటి సాక్షి నమోదు. హైదరాబాదులో తెలుగు సినీ రచయితల సంఘమును, ముంబయిలో స్క్రీన్ రైటర్స్ అసోసియేషనును కథలను నమోదు చేయుచున్నవి. 1957 నాటి కాపీరైటు చట్టముచొప్పున రచన కాగితమెక్కినప్పుడే రచయితకు హక్కు పుట్టును. నమోదు సాక్ష్యమునకు మాత్రము. అయితే ఒక సంగతి పడుచువాండ్రకు తెలియదు. ఆర్.జి. ఆనంద్ అను నాటకకర్త, తన హమ్ హిందూస్తానీ యను నాటకమును అపహరించి 1956లో న్యూఢిల్లీ యను చిత్రము తీసిరని వ్యాజ్యము వేసెను. ప్రాంతాభిమానము, వేర్వేరు ప్రాంతములవారి వివాహము అను విషయములు రెంటను గలవు. 1978లో సుప్రీంకోర్టు, భావమునకు హక్కు లేదనియు, ఆ భావమును రచయిత తీర్చిన రూపమునకే హక్కనియు చెప్పి ఆనంద్ వ్యాజ్యమును కొట్టివేసెను. చెఱువుతగవు ఎవరి సొత్తును కాదు. నీరుగంటి తండ్రియు, గట్టుమీది కొడుకును, వారి మాటలును వ్రాసి పెట్టినచో అవి వ్రాసినవాని సొత్తు. కావున నోటిమాటగా కథ చెప్పి తిరుగుటకంటె పూర్తిగా వ్రాసి చూపుటయందే రక్షణ యెక్కువ.

పూర్తిగా వ్రాసి యని యంటిని. సగము రచించినదానిని ఇతరులకు వినిపింపరాదనియు, వినిపించినచో అది ముగియదనియు కూడ రాజశేఖరుడు చెప్పెను. అనుభవమునకు ఇది సరిపోవుచున్నది. సగము కథకు వెల యిచ్చి తీర్పు తెచ్చుకొన్నవాడు తక్కిన సగమును పరీక్షకుని మనసుతో వ్రాయబూనును. తన చేతనైనంతవఱకు మూడు నాలుగుమారులు తిరుగ వ్రాసి, ఇక తనకు తోచదన్న దశకు వచ్చినపుడే ఇతరుని కన్ను అవసరము. ఆ దశకు ముందు వెల లేని పరీక్ష యొకటి కలదు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టినది మొదలు పరిషత్తు నాటకములాడినవారు, చూచినవారు, తీర్పుచెప్పినవారు మన గ్రామములలో ఎందఱో కలరు. గ్రంథాలయములోనో రచ్చబండమీదనో అట్టివారిని కూర్చుండబెట్టి, అభినయము లేక వట్టిగొంతుతో చదివింపవలెను. ఎట్లున్నదని అడుగవలదు, ముఖప్రీతికి బాగున్నదందురు. ఎవరు ఏ పుటలో చుట్ట వెలిగించుటకు లేచిరో గుర్తు పెట్టుకొన్న చాలును.

అభిప్రాయపత్రము వచ్చిన పిమ్మట అందులోని ప్రతిమాటను శిరసావహింపవలెనని కాదు. ఇద్దఱు ముగ్గురు వేర్వేరుగా ఒకేచోట కాలు తట్టుకొన్నచో అచ్చట రాయి ఉన్నట్లే. ఒకడే చెప్పినది రచయిత మనసునకు పట్టకున్నచో విడిచిపెట్టవచ్చును. తిరుగ వ్రాయుట చిన్నతనమని మాత్రము అనుకొనరాదు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చైనది; అంతటితో విడువక ఆయన దానిని మిక్కిలి పెంచి మార్చి 1909లో మరల ప్రకటించిరి. నేడు మనమందఱమును చదువుచున్నది ఆ రెండవదే.

రుసుము ఎంతయని నన్నడిగినచో అంకె చెప్పను. అది పరీక్షకుని పేరునుబట్టి, రచన నిడివినిబట్టి మాఱును. ఒక కొలత మాత్రము చెప్పగలను. పడుచువాడు తాను స్వయముగా ఒక కాలములో సంపాదించినదానిలోనుండి ఇయ్యగలిగినంత ఇయ్యవచ్చును. పొలము తాకట్టు పెట్టించువఱకు పోరాదు. అంతటి సొమ్ము పెట్టినవాడు నిజము వినుటకు సిద్ధముగా నుండడు. సొమ్ము పంపుటకు ముందు ఆ పరీక్షకుడు వెనుక ఇతరులకు వ్రాసి యిచ్చిన యభిప్రాయమొకటి, ఆ రచయిత యనుమతితో, చూపుమని అడుగవలెను. పేరు మార్చి చదువు పరీక్ష దానిమీదనే చేయవచ్చును.

మీ మనుమని పత్రము వచ్చిన దినమున దానిని వానిచేత పైకి చదివించుకొని వినుడు. వాడు చదువలేక ఆగిన చోట్ల సీసపుకడ్డీతో ప్రక్కన గీత గీయుడు. తరువాత ఆ కాగితములను మీ పెట్టెలో పెట్టి, పది దినములు గడచినపిమ్మట వాని చేతికిండు.